ద్రాక్ష మొదళ్ల దగ్గర బుడిపెలు... క్రౌన్ గాలేనా? కోసేస్తే పోతుందా?

కొత్తపందిరి
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే ఫస్టు. మాది మూడో ఏడు తోట, వినిఫెరా (యూరప్ ద్రాక్ష జాతి) రకం, అన్నీ అంటు మొక్కలే. ఈసారి చిగుళ్లు లేచాక చూస్తే కొన్ని మొదళ్లకి, నేలకి జానెడు ఎత్తులో, కరెక్టుగా అంటు కట్టిన చోటే ఏవో బుడిపెలు. అప్పుడు తెల్లగా మెత్తగా ఉండేవి, గోరుతో గిల్లితే ఊడొచ్చేసేవి, సర్లే అంటు మానుతోందేమో అనుకుని వదిలేశా. ఇప్పుడు అవే ముదిరి గోధుమ రంగు తిరిగి బెరడులా గరుకుగా అయిపోయాయి, కొన్నైతే పిడికిలంత ఉన్నాయి. 400 మొక్కలు ఒక్కొక్కటీ వంగి చూసి లెక్కపెట్టా, 31 కి ఉన్నాయి. వాటిలో ఓ పది మొక్కలు చిగురు కూడా సరిగ్గా సాగలేదు, ఆకు పాలిపోయినట్టుంది. కత్తితో చెక్కేసి బోర్డో పేస్ట్ పూసేద్దామని కత్తి కూడా నూరి పెట్టుకున్నా. పూసెయ్యనా, ఆగనా?

రైతుబిడ్డ77
పూసెయ్ బ్రో, ఫంగస్ అది. కాపర్ ఆక్సీక్లోరైడ్ కూడా మొదట్లో పొయ్యి, రెండు సార్లు పోస్తే మాడిపోతుంది.

వేర్లవాడు
ఆగండాగండి, కత్తి పక్కన పెట్టండి ముందు. బుడిపెలు వేర్లకి కూడా ఉన్నాయా? సన్న వేర్లకి పూసల్లాగా ఉబ్బులు ఉంటే నులిపురుగు అవుతుంది, అది వేరే కథ. సన్న వేర్ల కొనలు ఉబ్బి కొక్కెంలా వంకర తిరిగితే ఫిలాక్సెరా పేను అనుమానించాలి. అలాగే అంటు దగ్గర కాలస్ అని మామూలుగానే చుట్టూ ఒక ఉబ్బు వస్తుంది, అది గాయం మానే పద్ధతి, నున్నగా వరుసగా ఉంటుంది, ఏటా పెరగదు. మీది ఒక పక్కకే పొంగి కాలీఫ్లవర్‌లా గడ్డలు గడ్డలుగా ఉందా?

కొత్తపందిరి
కాలీఫ్లవర్ అన్నారే, కరెక్ట్ అండీ, అదే మాట దొరక్క ఇందాకట్నుంచీ తన్నుకుంటున్నా. రెండు మొక్కల దగ్గర తవ్వి చూశా, సన్న వేర్లకి పూసలేం లేవు. ఇంకోటి, ఒక మొక్కకి కింద అంటు దగ్గరే కాకుండా కాండం మీద రెండు అడుగుల పైదాకా బెరడు చీల్చుకుని వరసగా చిన్నచిన్నవి లేచాయి.

ల్యాబ్‌కోటు
అయితే క్రౌన్ గాలే, దాదాపు అనుమానం అక్కర్లేదు. తెలుగులో కిరీట కణితి అని రాస్తుంటారు. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే తర్వాత చేసే పనులన్నీ తప్పే అవుతాయి.

ఇది ఫంగస్ కాదు, బాక్టీరియా. ద్రాక్షకి వచ్చేదాని పేరు అల్లోరైజోబియం వైటిస్, పాత పుస్తకాల్లో అగ్రోబాక్టీరియం వైటిస్ అని ఉంటుంది. 1853లోనే ఫ్రాన్స్‌లో ఫాబ్ర్, దునాల్ అనే ఇద్దరు ద్రాక్ష మీద ఈ కణితి గురించి రాశారు, 1897లో ఇటలీలో కవారా అనే ఆయన ద్రాక్ష కణితి నుంచి బాక్టీరియా వేరు చేసి చూపించాడు. అంటే నిన్నా మొన్నా వచ్చిన తెగులు కాదు.

ఇది చేసే పని వింటే ఒళ్లు మండుద్ది. తీగకి గాయమైందనుకోండి, ఆ గాయంలోంచి కొన్ని ఫినాలిక్ పదార్థాలు బయటికొస్తాయి, వాటిని ఇది పసిగడుతుంది. పసిగట్టి తన దగ్గరున్న టీఐ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలోంచి ఒక ముక్క కోసి మొక్క కణంలోకి పంపుతుంది, ఆ ముక్క వెళ్లి మొక్క సొంత డీఎన్ఏలోనే అతుక్కుంటుంది. అందులో ఆక్సిన్, సైటోకైనిన్ తయారుచేసే జీన్లు ఉంటాయి కాబట్టి కణాలు అదుపు లేకుండా విడిపోతూ గడ్డ అవుతాయి. అంతటితో ఆగదు. ఓపైన్లు అనే పదార్థాలు కూడా మొక్క చేతే చేయిస్తుంది, అవి మొక్కకి ఎందుకూ పనికిరావు, ఈ బాక్టీరియాకి మాత్రం ఆహారం. ఇంట్లో దూరి ఇంటివాళ్ల చేతే వండించుకు తినే దొంగ అన్నమాట.

ఇప్పుడు మీ కత్తి సంగతి. ఒకసారి మారిన కణం మారిందే, తర్వాత బాక్టీరియా చచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. 1940ల్లోనే ఆర్మిన్ బ్రాన్ అనే ఆయన బాక్టీరియా లేని గడ్డ ముక్కల్ని విడిగా పెంచి ఇది తేల్చాడు. పైగా ద్రాక్షలో ఇంకో తలనొప్పి ఏంటంటే ఈ బాక్టీరియా గడ్డలో మాత్రమే ఉండదు, తీగ లోపల నీరు పోయే నాళాల్లో ఉంటుంది, కొత్త సీజన్లో సారం ఎక్కేటప్పుడు దాంతోపాటే పైకెళ్తుంది. గులాబీకో పీచ్‌కో వస్తే ఎక్కువగా నేలలోంచి వచ్చి గాయం దగ్గర పడుతుంది, ద్రాక్షలో ఒళ్లంతా ఉంటుంది. మీ కాండం మీద రెండు అడుగుల పైదాకా లేచాయన్నారు చూడండి, అది అందుకే. కాబట్టి మీరు గడ్డ చెక్కితే చేసిందేంటి, లోపల బాక్టీరియా ఉన్న తీగకి ఒక ఫ్రెష్ గాయం పెట్టారు. మళ్లీ లేస్తుంది.

రైతుబిడ్డ77
సరే ఫంగస్ కాదన్నమాట, ఒప్పుకున్నా. మరి బాక్టీరియా అయితే స్ట్రెప్టోమైసిన్ కొట్టొచ్చుగా, సింపుల్

ల్యాబ్‌కోటు
కొట్టినా కాండం చెక్క లోపలికి పోదు అన్నా. కాపరూ అంతే, పైన తడిసిన చోట పనిచేస్తుంది తప్ప నాళాల్లోకి వెళ్లదు. గడ్డ మీద పూసి మాడ్చే మందులు కొన్ని దేశాల్లో వచ్చాయి, గడ్డ ఎండుతుంది, తీగలో ఉన్నది పోదు. మందుతో నయం చేసే దారి ఇప్పటికైతే లేదు.

తాతగారితోట
నేను 26 ఏళ్లుగా దీంతో కాపురం చేస్తున్నా. కాపురం అనే అంటా, ఎందుకంటే వదిలించుకోవడం మన చేతుల్లో లేదు, సర్దుకుపోవడమే. మా వైపు చలికాలం నీళ్లు గడ్డకడతాయి, ఇక్కడ క్రౌన్ గాల్‌కి మూలం ఆ చలే. కాండం లోపల చలికి చీలుతుంది, బయటికి కనపడదు, వసంతంలో ఆ చీలిక మానే ప్రయత్నంలో కణాలు గబగబా విడిపోతుంటాయి, లోపల కూర్చున్న బాక్టీరియాకి కావలసింది అదే. అందుకే ఘోరమైన చలి పడిన మరుసటి ఏడు తోటంతా కణితులే. చలి లేని చోట కూడా వస్తుంది, అక్కడ కత్తిరింపు గాయాలు, అంటు గాయాలు, కన్నులు గీకేసిన చోట్లు, యంత్రాలు తగిలిన చోట్లు.

మేం చేసేది చెప్తా, ఎవరికి ఎంతవరకు పనికొస్తుందో చూసుకోండి. ఒక మొక్కకి ఒకటే కాండం పెట్టం, రెండు, ఒక్కోసారి మూడు, వయసు తేడాతో. ఒకదానికి కణితి చుట్టేసిందా, దాన్ని గడ్డకి కింద దాకా కోసేసి రెండోదాన్ని నడిపిస్తాం, మొదట్లోంచి వచ్చిన కొత్త చిగురుని ఎక్కిస్తాం. ఏడాది పంట కొంచెం తగ్గుతుంది గానీ మొక్క చావదు. చలికాలం ముందు అంటు మీదకి మట్టి ఎగదోస్తాం, వసంతంలో తీసేస్తాం. తియ్యడం మర్చిపోతే అంటు పైభాగం నుంచి వేర్లు దిగుతాయి, అదింకో గోల. నత్రజని చివర్లో ఎక్కువ వెయ్యం, వేస్తే తీగ పచ్చిగా ముదరకుండా చలికి దొరుకుతుంది. ఒకసారి ఆశకి పోయి వేశా, ఆ ఏడు ఇలాగే తగిలింది, ఇప్పటికీ మా ఆవిడ గుర్తుచేస్తుంది.

కొత్తపందిరి
తాతగారూ చాలా థాంక్స్. మాకు ఆ స్థాయి చలి లేదండీ. కానీ గాయాలు అన్నాక నాకొకటి తట్టింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయినేడు గడ్డి కోయడానికి బ్రష్ కట్టర్ వాడా, నైలాన్ తాడుది, మొదళ్ల చుట్టూ నీట్‌గా ఉండాలని దగ్గరగా తిప్పా. ఇందాక వెళ్లి చూస్తే 31 లో ఎక్కువ భాగం ఆ వరుసల్లోవే. అంటే నేనే తెచ్చుకున్నానా ఇది?

వేర్లవాడు
సగం మీరు. గాయం మీది, బాక్టీరియా ఎక్కడిదో అది వేరే విషయం. కట్టర్ తాడు బాక్టీరియాని పుట్టించదు కదా.

అంటుకత్తి
ఆ మిగతా సగం గురించి నేను రాస్తా, ఎందుకంటే నేను అంటు మొక్కలు కట్టే పనిలోనే ఉన్నా, మా వాళ్లకి కోపం వచ్చినా సరే. కొత్త తోటకి ఇది వచ్చే ప్రధానమైన దారి నాటే మొక్కే. తల్లి తీగకి ఒక్క గడ్డ కూడా లేకుండా కళకళలాడుతూ ఉంటుంది, లోపల మాత్రం బాక్టీరియా ఉంటుంది, దాన్నుంచి కలాలు (అంటుకి వాడే పుల్లలు) కోసి వెయ్యి మొక్కలు చేస్తే ఎన్నింటికి వెళ్లిందో కంటికి తెలీదు. అంటు కట్టడం అంటేనే రెండు పెద్ద గాయాలు పెట్టి కలపడం, అందుకే గడ్డ ముందు అంటు దగ్గర లేస్తుంది. కొన్ని నర్సరీలోనే బయటపడతాయి, వాటిని ఏరేస్తాం. బయటపడనివి మీ తోటకొస్తాయి. మోసం అనను, నిజంగా కనపడదు.

వేడినీళ్ల పద్ధతి ఉంది. నిద్రలో ఉన్న కలాల్ని, అంటే ఆకు రాల్చి ముదిరిన పుల్లల్ని, 50 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు ముంచి వెంటనే చల్లారుస్తాం. బాక్టీరియా బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. వేడి ఒకట్రెండు డిగ్రీలు తప్పితే కన్నులు చస్తాయి, తక్కువైతే ముంచినా ముంచనట్టే, కాబట్టి ఇంట్లో తొట్టిలో అంచనాగా చేసే పని కాదు, నీళ్లు తిరుగుతూ అంతటా ఒకే వేడి ఉండాలి. చిగురు కొసల నుంచి టిష్యూ కల్చర్‌లో పెంచిన తల్లి మొక్కలైతే ఇంకా నయం, తీగ ఎదిగే కొసల్లో బాక్టీరియా ఉండే అవకాశం చాలా తక్కువ. కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న 'గడ్డలున్నాయా' కాదు, 'తల్లి తీగలు ఎక్కడివి, టెస్ట్ చేశారా' అని.

పచ్చగవిని
టెస్ట్ అంటే పీసీఆర్ అని, బాక్టీరియా డీఎన్ఏని వెతికి పట్టే పరీక్ష అని చదివాను. కొత్తపందిరి గారు మిగతా 369 మొక్కలకి టెస్ట్ చేయిస్తే ఏవి క్లీనో తెలిసిపోతుంది కదా?

ల్యాబ్‌కోటు
మంచి ప్రశ్న మేడమ్, కానీ అంత తేలిక కాదు. తీగలో బాక్టీరియా అంతటా సమానంగా ఉండదు, ఒక పుల్లలో ఉంటుంది పక్క పుల్లలో ఉండదు. పాజిటివ్ వస్తే ఉన్నట్టే. నెగెటివ్ వస్తే ఆ ముక్కలో దొరకలేదు అని మాత్రమే. తల్లి తోటలకి మళ్లీ మళ్లీ చేస్తే ఉపయోగం, కాపు తోటలో ప్రతి మొక్కకి చేయించడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

రైతుబిడ్డ77
బయో మందు ఉందంట కదా, కే84 అని, మొక్కలు నాటేముందు వేర్లు అందులో ముంచుతారంట, మా ఫ్రెండు గులాబీలకి వాడి బాగుందన్నాడు. ఈసారైనా కరెక్ట్ చెప్పానా 😅

ల్యాబ్‌కోటు
సగం కరెక్ట్ అన్నా 😄 కే84 నిజంగానే మంచి బాక్టీరియా, ఆస్ట్రేలియాలో అలన్ కెర్ అనే శాస్త్రవేత్త పని అది, 1970ల నుంచి పీచ్, బాదం, గులాబీ లాంటివాటికి వాడుతున్నారు. అది అగ్రోసిన్ 84 అనే విషం వదులుతుంది, చెడ్డ బాక్టీరియా అదేదో తన ఆహారం అనుకుని లోపలికి లాక్కుని చస్తుంది. కానీ ద్రాక్షకి వచ్చే రకాల్లో ఎక్కువ వాటికి ఆ విషం ఎక్కదు. అందుకే గులాబీకి పనిచేసింది ద్రాక్షకి పనిచెయ్యదు. తమాషా ఏంటంటే 1990లో ద్రాక్ష బాక్టీరియాని వేరే జాతిగా గుర్తించి వైటిస్ అని పేరు పెట్టిన ఇద్దరిలో కూడా ఈ కెర్ ఒకరు.

ద్రాక్ష కోసం ఎఫ్2/5 అని కణితి చెయ్యని వైటిస్ రకం ఒకటుంది, జపాన్‌లో వీఏఆర్03-1 అని ఇంకోటి పరీక్షించారు. గాయం మీద చెడ్డది చేరకముందే వీటిని పెడితే గడ్డలు బాగా తగ్గాయి. 'ముందే' అన్న మాట గమనించండి. తీగ లోపల ఆల్రెడీ కూర్చున్నదాన్ని ఇవి బయటికి గెంటవు. కాబట్టి అంటు కట్టేవాళ్లకి ఆశ, ఈ 31 మొక్కలకి కాదు.

కుతూహలం
మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాకు తోట లేదు. ఈ అగ్రోబాక్టీరియం అనేది జన్యుమార్పిడి పంటలు తయారుచెయ్యడానికి వాడేదే కదా?

ల్యాబ్‌కోటు
దాని చుట్టమే. 1977లో ఆ డీఎన్ఏ ముక్క మొక్క కణంలో ఉందని మేరీ డెల్ చిల్టన్ బృందం చూపించాక, గడ్డ చేసే జీన్లు తీసేసి మనకి కావలసినవి పెట్టి పంపితే ఎలా ఉంటుంది అని ఆలోచన వచ్చింది, 1983కి పొగాకులో చేసేశారు. ఇంకా విచిత్రం, చిలగడదుంపలో ఈ బాక్టీరియా డీఎన్ఏ ముక్కలు ఎప్పుడో వేల ఏళ్ల కిందటే సహజంగా చేరి ఉన్నాయని 2015లో బయటపడింది. సరే ఇది వేరే థ్రెడ్డు, ఇక్కడ ఆపుదాం.

కొత్తపందిరి
చదువుతుంటే భయమూ వేస్తోంది, కొంచెం ఇంట్రెస్టింగ్‌గానూ ఉంది. ఇప్పుడు నా అసలు బాధకి వద్దాం, 31 మొక్కలు పీకెయ్యాలా ఉంచాలా?

పచ్చగవిని
పీకెయ్యండి, ఆలోచించకుండా. పక్క మొక్కలకి పాకుతుంది.

తాతగారితోట
అంత తొందరేంటమ్మా. ఒక మొక్క నుంచి పక్క మొక్కకి గాలిలో ఎగిరి పోయేది కాదు ఇది. కత్తెరకి అంటి పోవచ్చు, అందుకే జబ్బు మొక్కలు చివర్లో కత్తిరించాలి, కత్తెర 70 శాతం ఆల్కహాల్లోనో పలచని బ్లీచ్‌లోనో ముంచుతుండాలి. బ్లీచ్ అయితే తర్వాత కడిగి నూనె రాయండి, లేకపోతే కత్తెర తుప్పు పడుతుంది. అయినా పెద్ద భాగం మొక్కతో వచ్చిందే, అంటే మీ 369 లో చాలావాటికి లోపల ఉండే ఉంటుంది. గడ్డ ఉన్నవన్నీ పీకి తోట శుభ్రమైంది అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

గడ్డ కాండం చుట్టూ ఎంత తిరిగిందో చేత్తో చూడండి. సగం లోపు ఉంటే మొక్క చాలా వరకు బతికేస్తుంది, కాపు కూడా కాస్తుంది. సగం దాటి చుట్టేస్తుంటే పైకి నీళ్లు అందవు, చిన్న మొక్కలైతే ఒకట్రెండేళ్లలో పోతాయి. ఇంకో మాట, మీవి అంటు మొక్కలు. అంటుకి పైన ఆరోగ్యమైన చిగురు ఉంటే దాన్ని కొత్త కాండంగా ఎక్కించొచ్చు. గడ్డ అంటుని చుట్టేసి చిగురు కింద రూట్‌స్టాక్ (అంటు కింద వేర్లుండే వేరే రకం మొక్క) నుంచే వస్తుంటే దాన్ని పెంచి లాభం లేదు, మీ రకం కాదు అది. అలాంటివి పీకండి.

అంటుకత్తి
తాతగారితో నూటికి నూరు. ఒకటి కలుపుతా: ఎండాకాలం గడ్డలు కొత్తగా లేవడం ఆగితే తగ్గిపోయిందని సంబరపడొద్దు. సుమారు 32 డిగ్రీలు దాటిన వేడిలో ఆ డీఎన్ఏ పంపే పని సరిగ్గా సాగదు, అంతే. లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

కొత్తపందిరి
పీకిన గుంటలో వెంటనే కొత్త మొక్క పెట్టొచ్చా?

వేర్లవాడు
వద్దు. పీకినా తెగిపోయిన వేరు ముక్కలు నేలలో మిగులుతాయి, ఆ ముక్కల్లో ఈ బాక్టీరియా రెండేళ్లకి పైగా బతుకుతుంది. ఇది ద్రాక్ష వేర్లని కుళ్లబెట్టే పని కూడా చేస్తుంది, అంటే దానికి నేలలో ఇల్లూ తిండీ రెండూ ఉన్నట్టే. వీలైనంత వేరు ఏరి బయటపడేసి తగలబెట్టండి, ఆ చోట కనీసం రెండేళ్లు ద్రాక్ష కాకుండా గడ్డిజాతి ఏదైనా వెయ్యండి. నేలకి పొగ మందు పెడితే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, వేరు ముక్క లోపల దాక్కున్నదాన్ని అది అందుకోలేదు.

తిరిగి పెట్టేటప్పుడు రూట్‌స్టాక్ చూసుకోండి. 3309, 101-14, రిపేరియా గ్లోయిర్ లాంటివి కొంచెం తట్టుకుంటాయి, 110ఆర్ లాంటివి తేలిగ్గా పడతాయి. అయితే కింద ఎంత గట్టిదైనా పైన ఉన్నది ఈ తెగులుకి తేలిగ్గా దొరికే వినిఫెరాయే కదా, పై భాగానికి గడ్డ రాదని గ్యారంటీ లేదు.

రైతుబిడ్డ77
నేను కాపర్ అన్న మెసేజ్ డిలీట్ చెయ్యనా? ఎవడైనా అదొక్కటే చదివి పోసేస్తాడేమో

తాతగారితోట
ఉంచు నాయనా. నీలాగే అనుకునేవాళ్లు దాన్ని చూసే లోపలికొస్తారు, కింద జవాబు ఉందిగా.

కొత్తపందిరి
(ఏడు నెలల తర్వాత)
అప్‌డేట్ పెడతానని మాటిచ్చి మర్చిపోయా, తిట్టుకోకండి. ఒక మొక్క గడ్డ ముక్క, పుల్లలు ల్యాబ్‌కి పంపా, వైటిస్ అనే వచ్చింది. 31 లో సగానికి మించి చుట్టేసినవి 9, అవి వేర్లతో సహా పీకేశా, ఆ గుంటలు ఖాళీగా ఉంచా, చూస్తే పళ్లు ఊడిన నోరులా ఉంది వరుస. 14 కి అంటుకి పైనుంచి కొత్త చిగురు దొరికింది, కట్టి పైకి ఎక్కించా, ప్రూనింగ్‌లో పాత కాండం గడ్డతో సహా తీసేశా. మిగతా 8 కి గడ్డ చిన్నది, ముట్టుకోలేదు. బ్రష్ కట్టర్ మొదళ్ల దగ్గరికి రానివ్వట్లేదు, మొదలు చుట్టూ గడ్డి చేత్తోనే పీకుతున్నాం, నడుములు పోతున్నాయి. కత్తెరలు రెండు పెట్టుకున్నా, ఒకటి ముంచితే ఇంకోటి చేతిలో.

ఈ సీజన్ కొత్తగా ఇంకో 5 మొక్కలకి కనపడ్డాయి. మొదట గుండె జారింది, తర్వాత తాతగారు చెప్పింది గుర్తొచ్చింది, ఇవి కొత్తగా అంటుకున్నవి కాదు, ముందునుంచీ లోపల ఉన్నవే బయటపడ్డాయి అని. ఎక్కించిన 14 లో 2 కి కొత్త కాండం మీద కూడా చిన్నగా లేచింది, మిగతా 12 క్లీన్‌గా ఉన్నాయి ఇప్పటిదాకా.

తాతగారితోట
12 మిగలడం తక్కువేం కాదయ్యా. ఆ రెండింటికి ఇంకో చిగురు వెనకాల సిద్ధంగా పెట్టుకో. క్లీన్‌గా ఉన్నవాటికి కూడా రెండో కాండం ఇప్పుడే వదులు, గడ్డ వచ్చాక వెతుక్కుంటే దొరకదు.

అంటుకత్తి
ఒక్క మాట, బాగున్నాయి కదా అని ఈ తోట నుంచి ఎవరికీ కలాలు కోసి ఇవ్వకండి. పక్క రైతు ఎంత బతిమాలినా సరే.

కొత్తపందిరి
నిన్ననే ఒకాయన అడిగాడండీ, రేపు కోసుకెళ్లమన్నా కూడా. ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్తా.